తొక్కుడు పడవ కొనేముందు
(న్యూజెర్సీలో మా ప్రాంతపు తెలుగు మిత్రుల వసంతకాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు, మిత్రులకు, అమ్మానాన్నల బలవంతం మీద వచ్చి వెనక వరసలో ఫోన్లు చూసుకుంటున్న పిల్లలకు కూడా నమస్కారం.

కార్యవర్గం వారు నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, "మీరు ఇంజనీరు కదండీ, ఏదైనా సాంకేతిక విషయం చెప్పండి" అన్నారు. క్లౌడ్ గురించో, కృత్రిమ మేధ గురించో చెబుతాననుకుని ఉంటారు. వారం పొడుగునా మీకూ నాకూ అవి ఎలాగూ తప్పవు. ఆదివారం పూట కూడా ఎందుకని, నేను పడవల గురించీ చేపల గురించీ చెబుతానన్నాను. వాళ్ళు కాసేపు మౌనంగా ఉండి, "సరే, భోజనాల ముందు పెడదాం, ఆకలి మీద ఎవరూ ప్రశ్నలు వేయరు" అన్నారు.

ఈ విషయం ఎంచుకోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది, మన వాళ్ళలో ఐదారు కుటుంబాలు ఇప్పటికే పెడల్ కయాక్‌లు కొన్నాయి. ఇంకో పదిమంది కొనే ఆలోచనలో ఉన్నారు. వసంతం వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, ఏది కొనమంటావు?" అని ఒకరు, "బావగారూ, సేల్‌లో ఒకటి కనబడింది, తీసేసుకోనా?" అని ఇంకొకరు. అందరికీ ఒకేసారి చెప్పేస్తే నా ఫోను ఊపిరి పీల్చుకుంటుంది.

రెండో కారణం అంత సరదా అయింది కాదు. ఈ దేశంలో సరస్సుల్లో, జలపాతాల దగ్గర మునిగిపోయిన మన పిల్లల వార్తలు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. మనలో చాలామందికి ఈత రాదు. వచ్చినవాళ్ళకి వచ్చింది కాలవ ఈత, చెరువు ఈత. చల్లటి ఉప్పునీళ్ళలో, అలల మధ్య, బట్టలతో ఈదడం వేరే సంగతి. కాబట్టి పడవ ఎలా ఎంచుకోవాలో చెబుతూ, నీళ్ళలో ఎలా ఉండాలో కూడా చెబుతాను. ఈ రెండిటినీ విడదీయలేం.

ట్రోలింగ్ అంటే

ఈ రోజుల్లో తెలుగులో ట్రోలింగ్ అంటే ఇంటర్నెట్‌లో ఒకర్ని పట్టుకుని ఏడిపించడం. నేను చెప్పేది అది కాదు. విశాఖ హార్బరులో వలలు లాగే ట్రాలర్లకీ దీనికీ సంబంధం లేదు. పడవ మెల్లగా నడుస్తుంటే, వెనకాల నూరూ నూట యాభై అడుగుల దూరంలో గేలానికి కట్టిన ఎర నీళ్ళలో ఈదుకుంటూ వస్తుంది. చేప దాన్ని చిన్న చేపో, పురుగో అనుకుని పట్టుకుంటుంది. అంతే ట్రోలింగ్. ఒకచోట కూర్చుని చేప కోసం ఎదురుచూడకుండా, చేప ఉన్నచోటు వెతుక్కుంటూ వెళ్ళే పద్ధతి ఇది.

మన పక్కనే ఉన్న రారిటన్ బే ఈ పనికి చాలా అనువైన చోటు. చాలాచోట్ల లోతు 20 అడుగుల లోపే. వసంతంలో బంకర్ అని పిలిచే చిన్న చేపల గుంపులు లోపలికి వస్తాయి. వాటి వెనకాలే స్ట్రైప్డ్ బాస్ వస్తాయి. ఒంటి మీద పొడుగునా నల్లటి చారలుంటాయి కనక ఇక్కడివాళ్ళు ముద్దుగా స్ట్రైపర్ అంటారు. గోదావరి జిల్లాల వాళ్ళకి ఈ చేప కథ సులువుగా అర్థమవుతుంది. మన పులస లాగే ఇది కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి ఎదురెక్కుతుంది. హడ్సన్, డెలావేర్ నదులు, చెసపీక్ బేలో కలిసే నదులు దీనికి పుట్టిళ్ళు. రుచిలో పులసతో పోలికేమీ లేదు, ఆశ పెట్టుకోకండి.

దీనికి బాగా పనిచేసే ఎర ఒకటుంది. అడుగు, అడుగున్నర పొడవు రబ్బరు గొట్టం, చివర గేలం, గేలానికి సముద్రపు పురుగు ముక్క. గొట్టం కొంచెం వంకరగా ఉంటుంది కనక లాగుతుంటే మెలికలు తిరుగుతుంది. ఇది గంటకు 1.5 నుంచి 2.5 మైళ్ళ వేగంలో బాగా తిరుగుతుంది. ప్లాస్టిక్ చేపల్లాంటి ఎరలకైతే 2.5 నుంచి 3.5 కావాలి. ఈ వేగాలు గుర్తు పెట్టుకోండి. పడవ లెక్క అంతా వీటి మీదే నడుస్తుంది.

చేతులకు బదులు కాళ్ళు

కయాక్ అనేది గ్రీన్లాండ్, ఉత్తర అమెరికా ధ్రువప్రాంతాల ఇన్యూయిట్ ప్రజలు వేటకు చేసుకున్న పడవ. కట్టెల చట్రం మీద సీల్ చర్మం కప్పేవారు. దాన్ని తెడ్డుతో నడుపుతారు. తెడ్డుతో ట్రోలింగ్ చేయొచ్చు, కాకపోతే రెండు చేతులూ తెడ్డు మీదే ఉంటాయి. చేప పడగానే తెడ్డు పక్కన పెట్టి రాడ్ అందుకోవాలి. ఆ లోపల పడవ ఆగిపోతుంది, దారం వదులవుతుంది, చేప వెళ్ళిపోతుంది.

1997లో కాలిఫోర్నియాలోని హోబీ కంపెనీ కాళ్ళతో తొక్కే మిరాజ్ డ్రైవ్ తెచ్చింది. పెంగ్విన్ రెక్కల స్ఫూర్తితో చేశామని వాళ్ళు చెబుతారు. పడవ అడుగున రెండు రెక్కలు అటూ ఇటూ ఊగుతూ నీటిని వెనక్కి నెడతాయి. తర్వాత నేటివ్ వాటర్‌క్రాఫ్ట్, ఓల్డ్ టౌన్ లాంటి కంపెనీలు సైకిల్ పెడళ్ళలా గుండ్రంగా తొక్కే, ప్రొపెల్లర్ ఉన్న పడవలు తెచ్చాయి. ఇప్పుడు బజారులో దొరికే వాటిలో చాలావరకు ఈ రెండు జాతులవే.

కాళ్ళ కండరాలు చేతుల కండరాల కంటే పెద్దవి. రోజంతా కీబోర్డు ముందు కూర్చునే మనకి భుజాలూ మణికట్లూ ముందే అరిగిపోయి ఉంటాయి. చేతులు ఖాళీగా ఉంటే రాడ్ పట్టుకోవచ్చు, ఇడ్లీ తినొచ్చు, ఇంటికి ఫోన్ చేసి "వచ్చేస్తున్నాను" అని చెప్పొచ్చు.

వేగం లెక్క

ఇక్కడ నా ఇంజనీరు బుద్ధిని కాసేపు భరించండి. పడవకి ఒక సహజమైన వేగ పరిమితి ఉంటుంది. నీళ్ళని తాకే భాగం పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ పరిమితి నాట్లలో వస్తుంది. 12 అడుగుల పడవకి సుమారు 4.6 నాట్లు, అంటే గంటకు 5.3 మైళ్ళు. 16 అడుగులదైతే 5.4 నాట్లు, 6.2 మైళ్ళు. ఆ పరిమితి దగ్గరికి వెళ్ళేకొద్దీ పడవ తను లేపిన అలనే తను ఎక్కాల్సి వస్తుంది. ఎంత తొక్కినా ముందుకు పోదు.

పరిమితికి బాగా కిందనున్నప్పుడు కూడా వేగం ఊరికే రాదు. కావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనంతో పెరుగుతుంది. గంటకు 2.5 మైళ్ళ నుంచి 4 మైళ్ళకి వెళ్ళాలంటే నాలుగు రెట్లు శక్తి కావాలి. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజంతా నిలకడగా ఇవ్వగలిగేది సుమారు 75 వాట్లు. మన చిన్నప్పటి వసారాలో వెలిగిన బల్బు అంత. మన దగ్గరున్న ఇంజను అదే. దానికి తగ్గ పడవ వెతుక్కోవాలి.

"మనకి కావలసింది 2 మైళ్ళ వేగమే కదా, ఏ పడవైనా వెళుతుంది, ఈ లెక్కలన్నీ ఎందుకు?" అని మీరు అడగొచ్చు. దుకాణంలో అమ్మేవాళ్ళు కూడా అదే అంటారు. ఎర లాగడానికి ఏ పడవైనా సరిపోతుందన్న మాట నిజమే. తేడా అంతా ఇంటికి తిరిగొచ్చేటప్పుడు తెలుస్తుంది.

రెండు పడవలు తీసుకోండి. నిలకడగా తొక్కితే ఒకటి గంటకు 4 మైళ్ళు, ఇంకొకటి 3 మైళ్ళు వెళుతుంది. నిశ్చలమైన నీళ్ళలో 3 మైళ్ళ దూరానికి మొదటిది 45 నిమిషాలు, రెండోది గంట తీసుకుంటుంది. పావుగంట తేడా, పెద్ద లెక్కేం కాదు. ఇప్పుడు గంటకు 1.5 మైళ్ళ ప్రవాహం ఎదురైందనుకోండి. మొదటి పడవ నికర వేగం 2.5, రెండోదానిది 1.5. అదే 3 మైళ్ళకి మొదటిది గంటా పన్నెండు నిమిషాలు, రెండోది రెండు గంటలు తీసుకుంటుంది. దానికి తోడు గాలి కూడా ఎదురైతే రెండోది ఉన్నచోటే ఉండిపోవచ్చు. సర్వరు కొనేటప్పుడు మనం మామూలు రోజు రద్దీ చూసి కొనం, పండగ రోజు రద్దీ చూసి కొంటాం. పడవా అంతే.

ఒక మిత్రుడి అనుభవం

ఆయన అనుమతితోనే, పేరు లేకుండా చెబుతున్నాను. ఆయనకి 38 అంగుళాల వెడల్పున్న పెద్ద పడవ ఉంది. నిలబడి చేపలు పట్టొచ్చు, సోఫాలాంటి ఎత్తైన సీటు. చిన్న సరస్సులో దాన్ని చూసి మేమంతా అసూయపడ్డాం. ఒక ఏప్రిల్ శనివారం ఆయన దాన్ని బేలోకి తీసుకెళ్ళారు. పొద్దున్న నీళ్ళు అద్దంలా ఉన్నాయి. చేప పడుతూ ఉంది. తెలియకుండానే తీరానికి రెండున్నర మైళ్ళు ఉత్తరంగా వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం దక్షిణపు గాలి లేచింది. మన బే తీరం దక్షిణాన ఉంది. కాబట్టి దక్షిణపు గాలి మనల్ని తీరం నుంచి లోపలికి తోస్తుంది. ఇందులో ఒక మోసం ఉంది. గాలి నేల మీద నుంచి వస్తుంది కనక ఒడ్డు దగ్గర నీళ్ళు ప్రశాంతంగా కనిపిస్తాయి. లోపలికి వెళ్ళేకొద్దీ అలలు పెరుగుతాయి. ఒడ్డున నిలబడి చూసేవాడికి ప్రమాదం కనబడదు. అదే సమయానికి పాటు మొదలైంది, నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. ఎత్తైన సీటులో కూర్చున్న మనిషి గాలికి తెరచాపలా అడ్డం. ఆయన రెండు గంటలు తొక్కి ఒక మైలు కూడా రాలేకపోయారు. కాళ్ళు పట్టేశాయి. చివరికి దారిన పోయే ఒక చేపల పడవవాళ్ళు తాడు కట్టి లాక్కొచ్చారు. లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉంది కాబట్టి, పడవ తిరగబడలేదు కాబట్టి, ఈ రోజు ఆయన ఈ సభలో కూర్చుని నా వైపు నవ్వుతూ చూస్తున్నారు.

ఆయన పడవ చెడ్డది కాదు. చిన్న సరస్సులో నిలబడి గేలం విసరడానికి అంతకంటే మంచిది లేదు. దూరప్రయాణానికి చేసింది కాదు, అంతే. లారీని పందెంలో దింపితే తప్పు లారీది కాదు కదా.

ఈ సంగతి విన్న రోజు రాత్రి మా ఆవిడ నన్నొకటి అడిగింది. "మీ పడవ ఎంత దూరం వెళుతుందో పదిసార్లు చెప్పారు. ఎంత దూరం నుంచి తిరిగి రాగలదో ఒక్కసారీ చెప్పలేదేం?" అంది. పడవ ఎంచుకోవడానికి నేను విన్న ప్రశ్నల్లో ఇంతకంటే మంచిది లేదు. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా దానికి జవాబే.

పొడవు, వెడల్పు

దూరం ట్రోలింగ్ చేసేవాళ్ళకి 13 నుంచి 16 అడుగుల పొడవు, 28 నుంచి 34 అంగుళాల వెడల్పు మంచి కొలతలు. పొడుగు పడవ తిన్నగా పోతుంది, అలల మీద తక్కువ ఊగుతుంది. సన్నటి పడవ నీళ్ళని తక్కువ తోస్తుంది. 36 అంగుళాలు దాటిందంటే నిలబడటానికి చేసిందని అర్థం. ట్రోలింగ్‌లో ఐదు గంటలు కూర్చునే ఉంటాం. నిలబడే సదుపాయానికి మైలు మైలుకీ కాళ్ళతో కప్పం కట్టడం ఎందుకు?

"సన్నగా ఉంటే తిరగబడదా?" అని భయం. వెడల్పు పడవ కూర్చోగానే గట్టిగా, కదలకుండా అనిపిస్తుంది. సన్నది కొంచెం ఊగుతుంది. కాని మంచి సన్నటి పడవ కొంత ఒరిగాక అక్కడ నిలదొక్కుకుంటుంది. దుకాణం ముందున్న కుంటలో రెండు నిమిషాలు కూర్చుంటే మొదటిదే తెలుస్తుంది, రెండోది తెలియదు. అరగంటైనా తొక్కి చూడండి.

ఇంకొకటి. మనకి కూర్చునే చోటు పైన ఉండే పడవలే మంచివి. వాటి ఒంట్లో నీరు పోయే రంధ్రాలుంటాయి. అల మీద పడినా నీళ్ళు వాటంతట అవే కిందకి పోతాయి. లోపల కూర్చునే పాతరకంలో నీళ్ళు నిండితే తోడుకోవాలి.

రెక్కలా, ప్రొపెల్లరా?

ఈ ప్రశ్న మీద మన వాళ్ళు సినిమా హీరోల అభిమానుల్లా కొట్టుకుంటారు. నేను రెండూ తొక్కాను.

రెక్కల రకంలో కాళ్ళు మెట్లు ఎక్కినట్టు ముందుకీ వెనక్కీ కదులుతాయి. ఒక పెడల్ పూర్తిగా ముందుకి తోస్తే రెక్కలు పడవ అడుగుకి అతుక్కుపోతాయి. లోతు తక్కువైన చోట, ఇసుక మేట మీద ఇది గొప్ప సదుపాయం. గడ్డి కూడా తక్కువ చుట్టుకుంటుంది. మెల్లగా, నిలకడగా, చాలాసేపు తొక్కడానికి నా కాళ్ళకి ఇదే నచ్చింది. మొదట్లో వచ్చినవి వెనక్కి పోయేవి కావు. తర్వాత వచ్చిన రకాలు పోతాయి. పాతది కొనేవాళ్ళు ఈ సంగతి చూసుకోవాలి.

ప్రొపెల్లర్ రకంలో సైకిల్ లాగే తొక్కుతాం. వెనక్కి తొక్కితే పడవ వెంటనే వెనక్కి పోతుంది. పెద్ద చేప పడినప్పుడు, వంతెన స్తంభాల దగ్గర, ఇది చాలా ఉపయోగం. కాని ప్రొపెల్లర్ కిందకి వేలాడుతూ ఉంటుంది, లోతు కావాలి. గడ్డీ, తెగిన దారం చుట్టుకుంటాయి. మోకాళ్ళు పైకి లేస్తాయి కనక పొట్ట ఉన్నవాళ్ళకి కొంచెం ఇబ్బంది. ఎవరి గురించి చెబుతున్నానో ఎవరికి వాళ్ళకే తెలుసు.

బే తీరంలో, లోతు తక్కువ నీళ్ళలో, దూరం పోయేవాళ్ళకి రెక్కలు. లోతైన సరస్సుల్లో, రాళ్ళ పక్కన, అడుగడుగునా ఆగి వెనక్కి జరిగేవాళ్ళకి ప్రొపెల్లర్. ఇది నా తీర్పు. ఏది కొన్నా తెడ్డు ఒకటి తాడుతో కట్టి పడవలో ఉంచండి. యంత్రమన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఆగుతుంది. తీరానికి రెండు మైళ్ళ అవతల ఆగితే తెడ్డే దేవుడు.

కొందరు చిన్న ఎలక్ట్రిక్ మోటారు పెట్టించుకుంటామంటున్నారు. మోటారు పెట్టగానే చట్టం దృష్టిలో అది మోటారు పడవ అవుతుంది. చాలా రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ కావాలి. ఆ లెక్క ముందే చూసుకోండి.

గ్యారేజీలో మొదలయ్యే కష్టం

కేటలాగులో అందరూ చివర చదివేది బరువు. ముందు చదవాల్సింది అదే. సీటు, డ్రైవు, చుక్కాని అన్నీ కలిపితే ఈ పడవలు 80 నుంచి 130 పౌన్లు దాటతాయి. కారు పైకప్పు ఎంత మోయగలదో కారు పుస్తకంలో రాసి ఉంటుంది, చూడండి. మీ నడుము ఎంత మోయగలదో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఒక్కరే ఎక్కించి దించలేని పడవ నెల రోజుల్లో గ్యారేజీలో బట్టలు ఆరేసుకునే దండెం అవుతుంది. మన ఊళ్ళోనే అలాంటివి రెండున్నాయి.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళు విడి భాగాలన్నీ తీసేశాక 80 పౌన్ల లోపుండేది చూసుకోండి. లేదంటే చిన్న ట్రైలర్ కొనుక్కోండి. ఇసుక మీద లాగడానికి బెలూన్ లాంటి లావు చక్రాల బండి కావాలి. సన్న చక్రాలు ఇసుకలో కూరుకుపోతాయి.

ధర సంగతి. కొత్తవి 2,000 డాలర్ల నుంచి 5,000 దాకా, ఆ పైన కూడా ఉన్నాయి. శరదృతువు చివర్లో వాడినవి బాగా తగ్గి వస్తాయి. వాడినది కొనేటప్పుడు డ్రైవు కూర్చునే గూడు చుట్టూ, నీరు పోయే రంధ్రాల లోపల, పగుళ్ళు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. మిగిలిన డబ్బులు బట్టలకి పెట్టండి. ఏ బట్టలో చెబుతాను.

సీటు, కాళ్ళు, రాడ్లు

కొనేముందు పెడళ్ళని మీ కాళ్ళ పొడవుకి సరిచేసి తొక్కండి. కాలు పూర్తిగా చాపినప్పుడు కూడా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. ఈ పడవల్ని ఆరడుగుల మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని చేశారేమో అనిపిస్తుంది. మనలో ఐదున్నర అడుగుల వాళ్ళు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అన్నిటికంటే దగ్గర గుర్తులో పెట్టినా కాలు అందుతుందో లేదో చూసుకోవాలి. సీటు మరీ ఎత్తుగా ఉంటే గాలికి అడ్డం.

రాడ్ నిలిపే గొట్టాలు చాలా పడవలకి సీటు వెనక ఉంటాయి. అవి రాడ్లు మోసుకెళ్ళడానికి పనికొస్తాయి కాని ట్రోలింగ్‌కి కాదు. రాడ్లు మీ ముందు, చేతికి అందే దూరంలో, కుడికీ ఎడమకీ విచ్చుకుని ఉండాలి. రాడ్ కొస మీ కంటికి కనబడాలి. ఎర బాగా తిరుగుతుంటే ఆ కొస సన్నగా వణుకుతూ ఉంటుంది. గడ్డి తగిలితే వణుకు ఆగిపోతుంది. అది చూడలేకపోతే అరగంట సేపు గడ్డిని షికారు తిప్పుతాం.

జీపీఎస్ చూపించే వేగం నేల మీది వేగం. ఎరకి కావలసింది నీటిలోని వేగం. ప్రవాహం వెంట 2.5 చూపిస్తుంటే ఎర నిజానికి 1.5లోనే ఉండొచ్చు. అందుకే జీపీఎస్‌ని ఇంటిదారి కోసం నమ్మండి, ఎర కోసం రాడ్ కొసని నమ్మండి. తిన్నగా పోకుండా పాములా మెలికలు తిరుగుతూ వెళ్ళండి. మలుపులో లోపలి వైపు ఎర నెమ్మదించి కిందకి దిగుతుంది, బయటి వైపుది వేగం పుంజుకుని పైకి లేస్తుంది. ఏ ఎరకి చేప పడిందో చూస్తే ఆ రోజు చేపలు ఏ వేగం అడుగుతున్నాయో తెలిసిపోతుంది. రెండు రాడ్లు చాలు. మూడోది చిక్కుముడికి ఆహ్వానం.

చల్లటి నీళ్ళు

ఇప్పుడు పిల్లలు కూడా ఫోన్లు దించి వినాలి.

ఏప్రిల్‌లో మన దగ్గర గాలి 70 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండొచ్చు. బేలో నీళ్ళు 50 దరిదాపుల్లోనే ఉంటాయి. చేప బాగా పడే రోజులూ అవే. అలాంటి నీళ్ళలో పడితే ఏం జరుగుతుందో గుర్తుంచుకోవడానికి 1, 10, 1 అని ఒక సూత్రం ఉంది. మొదటి 1 నిమిషం ఊపిరి మన చేతిలో ఉండదు, ఎగశ్వాస వస్తుంది. ఆ నిమిషంలో తల నీళ్ళ కింద ఉంటే ఈతగాడైనా మునుగుతాడు. తర్వాత సుమారు 10 నిమిషాలు చేతులూ కాళ్ళూ చెప్పినమాట వింటాయి. ఆ పైన వేళ్ళు పట్టు తప్పుతాయి. ఒంటి వేడి తగ్గి స్పృహ పోవడానికి 1 గంట దాకా పట్టొచ్చు. అంటే మనిషిని ముందు ముంచేది చలి కాదు, లైఫ్ జాకెట్ లేకపోవడం.

లైఫ్ జాకెట్ పడవలో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి. పక్కనున్న న్యూయార్క్ రాష్ట్రంలో 21 అడుగుల లోపు పడవల్లో నవంబరు 1 నుంచి మే 1 దాకా తొడుక్కునే ఉండాలని చట్టమే ఉంది. మనం చట్టం కోసం ఆగక్కర్లేదు. చల్లటి నెలల్లో లోపల నీళ్ళు దూరని డ్రైసూట్ కావాలి. ఇందాక మిగిల్చుకోమన్న డబ్బులు దీనికే. నా లెక్కలో 4,000 డాలర్ల పడవా మామూలు బట్టలూ కంటే, 2,000 డాలర్ల పాత పడవా మంచి డ్రైసూటూ మేలు.

నీళ్ళలో పడి మళ్ళీ ఎక్కడం నేర్చుకోండి. పడవని నిటారు చేసి, పక్క నుంచి కాళ్ళు ఆడిస్తూ పొట్ట మీద పైకి పాకి, తర్వాత వెల్లకిలా తిరిగి కూర్చోవాలి. జులైలో, వెచ్చటి సరస్సులో, పక్కన ఇద్దరు మిత్రులుండగా పదిసార్లు చేయండి. ఎక్కలేని పడవ ఎంత మంచిదైనా మీది కాదు. కొనేముందే ఇది చూసుకోగలిగితే ఇంకా మంచిది.

నీళ్ళు తగలని వీహెచ్‌ఎఫ్ రేడియో జాకెట్‌కి తగిలించుకోండి. 16వ చానెల్‌లో కోస్ట్ గార్డ్ వింటూ ఉంటుంది. ఫోను తడిచేతులకి పలకదు. ఎక్కడ దిగుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. ఓడల దారి దాటాల్సి వస్తే అడ్డంగా, త్వరగా దాటండి. ఆ ఓడలు మనల్ని చూడవు, చూసినా ఆగలేవు.

వెళ్ళేటప్పుడు గాలికీ నీటికీ ఎదురుగా వెళ్ళండి, వచ్చేటప్పుడు అవి మిమ్మల్ని ఇంటికి తోసుకొస్తాయి. యానాం వైపు గోదావరి పాయల్లో మా అమ్మమ్మగారి ఊరి పడవవాళ్ళు పోటూ పాటూ చూడకుండా కట్టు విప్పేవారు కాదు. వాళ్ళకి 1.34 సూత్రం తెలియదు. తెలియాల్సింది మాత్రం తెలుసు.

చేప పడ్డాక

సముద్రంలో చేపలు పట్టడానికి న్యూజెర్సీలో ఉచితంగా పేరు నమోదు చేసుకోవాలి. బేలలో, నదుల్లో జనవరి, ఫిబ్రవరి నెలల్లో స్ట్రైపర్ పట్టకూడదు. తీరానికి 3 మైళ్ళ అవతల, ఫెడరల్ జలాల్లో, 1990 నుంచి ఈ చేప వేట పూర్తిగా నిషేధం. దూరం తొక్కే ఉత్సాహంలో ఉన్నవాళ్ళు ఇది గమనించాలి. ఈ చేపల సంఖ్య బాగా పడిపోయిందని 2019లో వెలువడిన అంచనా తేల్చింది. 2023 నుంచి తీరమంతా సముద్రంలో 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్నదే ఇంటికి తెచ్చుకోవచ్చు. అంతకంటే పెద్దవి గుడ్లు పెట్టే తల్లులు. నియమాలు మారుతుంటాయి కాబట్టి ప్రతి సీజన్‌కీ ముందు రాష్ట్రం వారి పట్టిక చూడండి. ఈ బే చేపల్లో పీసీబీలనే రసాయనాలుంటాయి. గర్భిణులూ పసిపిల్లలూ ఎంత తినొచ్చు, అసలు తినొచ్చా అన్నదానికి రాష్ట్రం సలహాలున్నాయి. పులుసు పెట్టేముందు అవి చదవండి.

చేప లేకుండా తిరిగొచ్చిన రోజులు నాకు చేపతో వచ్చిన రోజుల కంటే ఎక్కువే. పన్నెండు మైళ్ళు తొక్కిన రాత్రి పట్టే నిద్ర మాత్రం రెండు రోజులకీ ఒకటే. ఒంట్లో చక్కెర చూసే డాక్టరు గారు కూడా ఈ వ్యసనానికి అభ్యంతరం చెప్పలేదు.

ఇక ముగిస్తాను. వంటగది నుంచి పులిహోర వాసన నా ప్రసంగాన్ని ఓడించేస్తోంది. జూన్ రెండో శనివారం పొద్దున్న ఇక్కడికి దగ్గర్లోని సరస్సుకి నాలుగు రకాల పడవలు తెస్తున్నాం. సన్నది, వెడల్పుది, రెక్కలది, ప్రొపెల్లర్‌ది. కొనాలనుకునేవాళ్ళు వచ్చి అన్నీ తొక్కండి. అందరూ నీళ్ళలో పడాలి, అందరూ మళ్ళీ ఎక్కాలి. ఈత రానివాళ్ళ కోసం మన ఊరి వై.ఎం.సి.ఎ.లో పెద్దల తరగతుల వివరాలు తలుపు దగ్గర బల్ల మీద పెట్టాను. పడవ కొనేముందు ఆ కాగితం తీసుకోండి.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి.